ఎంత దూరంలో నిలబడతావో చెప్పు చెల్లీ, లెన్స్ సంగతి నేను చెబుతా

చెల్లీ, కెమెరా కొనుక్కోవాలని మనసుపడ్డావట కదా! ఎంత సంతోషం వేసిందో. మన ఇళ్లలో కెమెరా అంటే ఇప్పటికీ అన్నయ్య వస్తువో, బావగారి వస్తువో. పెళ్లిళ్లలో ఫొటోల నిండా ఆడపిల్లలే, తీసేవాళ్లలో మాత్రం వెతికి చూస్తే ఒకరో ఇద్దరో. అలాంటిది నువ్వు జీతంలోంచి నెలనెలా దాచిపెట్టి మరీ కొనుక్కుంటానంటున్నావు. అందులో ఒక్క రూపాయి కూడా వృథా పోకూడదని నా ఆరాటం. తీరిగ్గా కూర్చో, అన్నీ విడమరిచి చెబుతాను.

నీ మొదటి ప్రశ్న నేను చెప్పనా? "కానన్ కొననా, నికాన్ కొననా, సోనీ కొననా అక్కా?" అంతేగా! అందరూ అక్కడే మొదలుపెడతారు. షాపులో అబ్బాయి కూడా అక్కడి నుంచే అందుకుంటాడు. ఇన్ని మెగాపిక్సెళ్లు, సెకనుకు అన్ని ఫొటోలు, 4కె వీడియో అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. అవన్నీ కాసేపు పక్కన పెట్టు. ముందు నాకు రెండు సంగతులు చెప్పు. ఎవరిని తీయాలని ఉంది నీకు? తీసేటప్పుడు వాళ్లకు ఎంత దూరంలో నిలబడతావు?

ఇదేం ప్రశ్న అనుకోకు. మొదటి కెమెరా కొనేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. నువ్వు నిలబడ్డ చోటు నుంచి ఎదురుగా ఎంత మేర ఫ్రేములో పడుతుందో తేల్చేది లెన్స్. సెన్సర్ సైజు ఒకటే అయితే, కెమెరా బాడీ ఏ కంపెనీదైనా ఈ లెక్క పెద్దగా మారదు. నీ జీవితంలో నువ్వు ఎక్కడెక్కడ నిలబడగలవో నీకు తెలిస్తే, నీ లెన్స్ ఏదో సగం తేలిపోయినట్టే.

మన వంటిల్లే తీసుకో. అమ్మ పొయ్యి దగ్గర గారెలు వేస్తోంది. నువ్వు గుమ్మంలో నిలబడ్డావు. మధ్య దూరం ఆరడుగులు. సెన్సర్ అంటే వెలుతురును ఫొటోగా మార్చే చిప్; కొత్తవాళ్లు కొనే కెమెరాల్లో ఎక్కువగా ఉండేది ఏపీఎస్-సీ సైజుది. దాని మీద 50 ఎంఎం లెన్స్ (ఎంఎం అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పడే మేర తగ్గుతుంది) పెట్టి చూస్తే, ఆరడుగుల దూరంలో అడ్డంగా కనిపించేది మూడడుగుల లోపే. అమ్మ ముఖమూ భుజాలూ వస్తాయి, బాణలి ఫ్రేము బయట ఉండిపోతుంది. వెనక్కి జరుగుదామంటే హాల్లో సోఫా అడ్డం. అదే చోట 35 ఎంఎం పెడితే నాలుగడుగులు పడుతుంది. అమ్మా వస్తుంది, పిండి తట్టే చెయ్యీ వస్తుంది, బాణలీ వస్తుంది. ఇక 18 ఎంఎం పెట్టావనుకో, ఏడెనిమిది అడుగులు పడుతుంది. గోడ మీది క్యాలెండరు, మూలనున్న గ్యాస్ సిలిండరు, సింకులో గిన్నెలు అన్నీ వచ్చేస్తాయి, వాటి మధ్య అమ్మ చిన్నదైపోతుంది.

అలాగని 50 ఎంఎం చెడ్డదని కాదమ్మా. అదే లెన్స్ పట్టుకుని వాకిట్లోకి రా. అరుగు మీద కూర్చున్న అమ్మమ్మకు పదడుగుల దూరంలో నిలబడి కెమెరా నిలువుగా పట్టుకో. నాలుగున్నర అడుగుల ఎత్తు పడుతుంది. తల నుంచి పాదాల దాకా అమ్మమ్మ నిండుగా ఉంటుంది, వెనక గోడ మెత్తగా కరిగిపోతుంది. లెన్స్ అదే. ఇరుకు వంటింట్లో ఇబ్బంది పెట్టింది, వాకిట్లో కొంగుబంగారమైంది. అందుకే "ఏ లెన్స్ మంచిది" అని ఎవరైనా అడిగితే "ఎక్కడ వాడతావు" అని తిరిగి అడగాలి.

ఈ సంగతి పైసా ఖర్చు లేకుండా ఇవాళే తేల్చుకోవచ్చు. నీ ఫోన్ తీయి. ఫోన్లో మామూలుగా 1ఎక్స్ దగ్గర కనిపించే దృశ్యం దాదాపు ఏపీఎస్-సీ కెమెరా మీద 16, 17 ఎంఎం చూపించేంత వెడల్పు. 2ఎక్స్ పెడితే 35 ఎంఎంకి దగ్గర. 3ఎక్స్ పెడితే 50 ఎంఎంకి దగ్గర. ఫోన్‌ను బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది గానీ మన అవసరానికి ఇది చాలు. ఓ వారం రోజులు 2ఎక్స్ మాత్రమే పెట్టి తీయి, ఇంకో వారం 3ఎక్స్ మాత్రమే. వంటింట్లో, బస్టాపులో, డాబా మీద, గుడి మండపంలో. ఎక్కడ ఇరుకనిపిస్తోందో, ఎక్కడ హాయిగా ఉందో నీ కాళ్లకే తెలిసిపోతుంది. మెడలో కెమెరా పడకముందే నీ లెన్స్ నీకు దొరికేస్తుంది.

ఇంకో మాట కూడా ఇందులోనే ఉంది, గమనించావా? కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్ 18 దగ్గర చూపించే దృశ్యం నీ ఫోన్ ఇప్పటికే చూపిస్తోంది. అంచేత కెమెరా కొన్న మొదటిరోజు కిట్ లెన్స్‌ను 18 మీదే ఉంచి, పట్టపగలు డాబా మీద ఫొటో తీసి, "ఫోన్లో వచ్చినట్టే ఉందే" అని నిరాశపడకు. కెమెరా నీకిచ్చే తేడా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, ముఖానికి తగినంత దూరంలో నిలబడి 50 వైపు తీసినప్పుడు. రెండు, వెలుతురు తక్కువైనప్పుడు.

వెలుతురు మాటకొస్తే, లెన్స్ మీద ఎఫ్/1.8, ఎఫ్/3.5-5.6 అని రాసుంటుంది చూడు, దాన్ని చూసి బెదరకు. లెన్స్ లోపల ఒక రంధ్రం ఉంటుంది. చెరువు తూము ఎంత తెరిస్తే అంత నీరు వచ్చినట్టు, ఆ రంధ్రం ఎంత తెరుచుకుంటే అంత వెలుతురు సెన్సర్ మీద పడుతుంది. ఎంఎం అంకెను ఈ ఎఫ్ అంకెతో భాగించు, రంధ్రం వెడల్పు వస్తుంది. 50ని 1.8తో భాగిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు. అదే 50ని 5.6తో భాగిస్తే 9 మిల్లీమీటర్లు. ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా. కంఠతా పట్టాల్సిన పనేం లేదు, భాగహారం వస్తే చాలు.

దీనివల్ల ఒరిగేదేంటంటావా? సద్దుల బతుకమ్మ నాటి రాత్రి ఊహించుకో. వీధి దీపాల వెలుగులో అక్కాచెల్లెళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. చీకట్లో ఫొటో రావాలంటే ఐఎస్‌ఓ, అంటే వచ్చిన కాస్త వెలుతురునే కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 6400కి పెంచాలి, బొమ్మంతా ఇసక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఎఫ్/1.8 లెన్స్ దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. అదే ఫొటో ఐఎస్‌ఓ 640 దగ్గరే వచ్చేస్తుంది. ముఖాలు నున్నగా, చీరల రంగులు రంగుల్లాగే ఉంటాయి. ఇంత తేడా బాడీ మార్చితే రాదు, లెన్స్ మార్చితే వస్తుంది. అందుకే కిట్ లెన్స్ తర్వాత నీ రెండో లెన్స్ ఎఫ్/1.8 ఉన్న 35 గానీ 50 గానీ కావాలంటాను. జూమ్ లేని ఇలాంటి లెన్స్‌ను ప్రైమ్ అంటారు. చవగ్గా దొరికే లెన్సుల్లో ఈ చిన్న ప్రైములూ ఉంటాయి.

అయితే ఎఫ్/1.8 ఉంది కదా అని ఎప్పుడూ దాన్నే వాడేయకు. దీని సంగతి కాస్త దగ్గరగా చూపిస్తాను. అమ్మమ్మ ముఖానికి మూడడుగుల దూరంలో కూర్చుని 50 ఎంఎంను ఎఫ్/1.8 దగ్గర పెట్టి, కంటి మీద ఫోకస్ చేశావనుకో. స్పష్టంగా వచ్చే మందం మొత్తం దాదాపు ఒక్క అంగుళం. కంటికి ముందు అరంగుళం, వెనక అరంగుళం. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, కంటి కింది ముడతలు తెలుస్తాయి. ముక్కుపుడక మాత్రం మసకబారిపోతుంది, చెవి కమ్మ పూర్తిగా కరిగిపోతుంది. అమ్మమ్మ ఊపిరి తీసుకుని కాస్త ముందుకు వంగిందా, కన్ను కూడా పోతుంది. అదే ఎఫ్/5.6 పెడితే దాదాపు మూడంగుళాల మేర స్పష్టంగా వస్తుంది. కన్నూ, ముక్కుపుడకా, అందులో రాయి మెరుపూ అన్నీ దక్కుతాయి. వెనక గోడ అప్పటికీ మెత్తగానే ఉంటుంది. వెలుతురు ఉన్నచోట ఎఫ్/4, ఎఫ్/5.6 వాడు. 1.8ని చీకటి కోసం, అవసరం కోసం దాచుకో.

ఇంటి లోపల తీసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. ట్యూబ్‌లైట్లూ కొన్ని ఎల్ఈడీ బల్బులూ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి, కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. షటర్ అంటే సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే తలుపు, దాని స్పీడు బాగా పెంచితే ఒక ఫొటో వెలుగ్గా, ఇంకోటి పచ్చగా, మరోటి అడ్డంగా చారలతో వస్తుంది. కెమెరా పాడైందని కంగారుపడకు. షటర్ 1/100 గానీ 1/50 గానీ పెట్టు, చాలావరకు సర్దుకుంటుంది. చంటిపిల్లలు కదులుతుంటే 1/50కి ఆగరు కదా, అప్పుడు లైటు ఆర్పేసి పిల్లను కిటికీ పక్కకు తీసుకురా. ఉదయం పూట కిటికీ వెలుగును మించిన లైటు ఏ షాపులోనూ దొరకదు.

"నాకు మనుషులకంటే పక్షులంటే ఇష్టం అక్కా" అంటావా? అప్పుడు దూరం లెక్క మారిపోతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లు. ఊరి చెరువులో చెట్ల మీదే కొంగలూ గూడబాతులూ గూళ్లు కట్టుకుంటాయి, గట్టు మీద నుంచే చూడొచ్చు. అక్కడికి 55-250 లాంటి మామూలు జూమ్ సరిపోతుంది. అదే సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలంటే, అవి ఎక్కడో నీళ్ల మధ్యన నిలబడి ఉంటాయి. మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న పక్షిని 250 ఎంఎంతో తీస్తే ఫ్రేము ఎత్తులో పదో వంతు కూడా రాదు. దానికి 500, 600 ఎంఎం లెన్సులు కావాలి, వాటి ధరా బరువూ మొదటి కెమెరాతో మోసేవి కావు. కాబట్టి పక్షుల పిచ్చి ఉన్నా ఉప్పలపాడు లాంటి చోట్ల మొదలుపెట్టు. చెయ్యి తిరిగాక, ఇంకా అదే ఇష్టం ఉంటే, అప్పుడు పెద్ద లెన్స్ సంగతి చూద్దాం.

ఇప్పుడు బాడీ దగ్గరికొద్దాం. ఫుల్ ఫ్రేమ్ కొనమని ఎవరో ఒకరు నీ చెవినేస్తారు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. ఏపీఎస్-సీ దాదాపు 23 వెడల్పు, 15 ఎత్తు. పెద్ద సెన్సర్ చీకట్లో ఇంకాస్త మేలు, ఒప్పుకుంటాను. కానీ దాంతోపాటు లెన్సులూ పెద్దవవుతాయి, బరువూ ఖర్చూ పెరుగుతాయి. మన పెళ్లిళ్ల కరిజ్మా ఆల్బమ్ ఉంటుంది చూడు, అందులో ఒక పేజీ 12 బై 18 అంగుళాలనుకో. దాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున నిండుగా ప్రింటు వేయడానికి 20 మెగాపిక్సెళ్లు కూడా అక్కర్లేదు. ఇవాళ దొరికే ఏ ఏపీఎస్-సీ కెమెరా అయినా ఆ పని చేసిపెడుతుంది. నీ మొదటి కెమెరాకు ఏపీఎస్-సీ హాయి. పట్టుకెళ్లడానికి బరువు కాని కెమెరానే రోజూ నీతో బయటికి వస్తుంది.

ఇక డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెస్సా? డీఎస్ఎల్ఆర్లో లోపల అద్దం ఉంటుంది, లెన్స్‌లోంచి వచ్చే దృశ్యాన్ని నేరుగా కంటితో చూస్తావు. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, చిన్న తెర మీద చూస్తావు. ఫొటో వెలుగ్గా వస్తుందో చీకటిగా వస్తుందో నొక్కకముందే ఆ తెర మీద తెలిసిపోతుంది, నేర్చుకునేవాళ్లకు ఇది గొప్ప సాయం. మనిషి కంటిని వెతికి పట్టుకుని ఫోకస్ చేయడంలోనూ మిర్రర్‌లెస్‌దే పైచేయి. లెన్స్ బాడీకి బిగే చోటును మౌంట్ అంటారు. కానన్, నికాన్ రెండూ 2018లో కొత్త మౌంట్లు తెచ్చాయి, కానన్‌ది ఆర్ఎఫ్, నికాన్‌ది జెడ్. కొత్త కెమెరాలూ కొత్త లెన్సులూ ఇప్పుడు వాటిలోనే వస్తున్నాయి. సోనీ ఇ-మౌంట్ 2010 నుంచీ, ఫ్యూజీ ఎక్స్ మౌంట్ 2012 నుంచీ ఉన్నాయి. కొత్తది కొనే స్తోమత ఉంటే మిర్రర్‌లెస్సే తీసుకో. బ్యాటరీ మాత్రం డీఎస్ఎల్ఆర్ అంత రాదు, ఒకసారి చార్జింగ్‌కు మూడు నాలుగు వందల ఫొటోలు అనుకుని అదనపు బ్యాటరీ డబ్బు పక్కన పెట్టుకో.

చేతిలో డబ్బు తక్కువుందా? దిగులు పడకు, వాడిన డీఎస్ఎల్ఆర్ తీసుకో. చాలామంది మిర్రర్‌లెస్‌కు మారిపోతూ మంచి కెమెరాలు తక్కువకే ఇచ్చేస్తున్నారు. కాకపోతే ఏ లెన్స్ దేనికి పడుతుందో తెలుసుకుని వెళ్లు. కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నాటిది. ఆ లెన్సులు కానన్ డీఎస్ఎల్ఆర్లన్నిటికీ పడతాయి, అడాప్టర్ పెడితే కొత్త ఆర్ఎఫ్ కెమెరాలకూ పడతాయి. తిరగేసి మాత్రం కుదరదు, ఆర్ఎఫ్ లెన్స్ పాత డీఎస్ఎల్ఆర్‌కు పట్టదు. ఈఎఫ్-ఎస్ అని రాసుంటే అది చిన్న సెన్సర్ కోసం చేసింది, కానన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు బిగించలేవు. నికాన్‌లో ఇంకో మెలిక. డీ3000, డీ5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్స్ చవగ్గా వచ్చింది కదా అని కొంటే, ఆటోఫోకస్ పనిచేయక చేత్తో తిప్పుకోవాల్సి వస్తుంది. ఏఎఫ్-ఎస్ అని ఉన్నది తీసుకుంటే ఆ బెడద లేదు. ఏదేమైనా కొనబోయే బాడీ మీద ఆ లెన్స్ పెట్టి, నొక్కి, ఫోకస్ పడిందని కళ్లారా చూశాకే డబ్బు చేతికివ్వు.

వాడిన లెన్స్ చూసేటప్పుడు సిగ్గుపడకు, బంగారం కొన్నంత జాగ్రత్తగా చూడు. ఫోన్ టార్చి వెలిగించి లెన్స్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడు. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. ఎంత తక్కువకిచ్చినా వద్దని చెప్పి వచ్చేయ్. రెండు మూడు ధూళి రేణువులుంటే ఫరవాలేదు, ఫొటోలో కనిపించవు. వెనకనున్న బంగారు రంగు కాంటాక్టులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడు. ఫోకస్ రింగు, జూమ్ రింగు తిప్పితే గరగరలాడకూడదు. బాడీ అయితే ఎఫ్/16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో తీసి, ఫొటోను పెద్దది చేసి చూడు. ఎప్పుడూ ఒకే చోట నల్లమచ్చలుంటే సెన్సర్ మీద ధూళి పడినట్టు. షటర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు. కొత్తవాళ్ల కెమెరాల షటర్‌ను లక్ష దాకా వస్తుందన్న అంచనాతో చేస్తారు. ఇరవై ముప్పై వేలు కొట్టిందంటే ఇంకా పడుచుదే. హైదరాబాద్ కోఠి షాపుల్లో కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా అసలు బిల్లు, సీరియల్ నంబరు రెండూ సరిపోల్చుకో.

డబ్బు లెక్క ఇలా వేసుకో. నీ దగ్గర యాభై వేలు ఉన్నాయనుకో, బాడీ, కిట్ లెన్స్ కలిపి ముప్పై అయిదు దాటనివ్వకు. మిగతా దాంట్లో ఒక చిన్న ప్రైమ్, అదనపు బ్యాటరీ, రెండు మెమరీ కార్డులు, బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డ, బ్యాగు. ఒకే పెద్ద కార్డు కంటే చిన్నవి రెండు మేలు, ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది. బ్యాగు మీద కంపెనీ పేరు పెద్దక్షరాలతో లేకుండా చూసుకో, బస్సుల్లో రైళ్లలో ఒంటరిగా తిరిగేదానివి. మొత్తం డబ్బంతా బాడీ మీదే పోసి, లెన్స్‌కు మళ్లీ ఏడాది ఆగడమనే పని మాత్రం చేయకు. బాడీ నాలుగైదేళ్లలో పాతబడుతుంది. బాగా చూసుకున్న లెన్స్ బాడీ మారినా నీతోనే వస్తుంది.

చూసుకోవడమంటే మన చేతిలో పనే. చీర కొంగుతో, చున్నీతో లెన్స్ తుడవకు తల్లీ! జరీ పోగు, దుమ్ము గీత పెట్టేస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊదు, తర్వాతే మెత్తని గుడ్డ. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపేసి, దాని ముఖం కిందికి ఉండేలా పట్టుకుని మార్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉంటే గాలిలో తేమే పెద్ద శత్రువు. తోలు బ్యాగులో పెట్టి బీరువాలో నెలల తరబడి దాచావంటే ఫంగస్‌కు ఇల్లు కట్టిచ్చినట్టే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొని, సిలికాజెల్ పొట్లాలు వేసి, తేమ చూపే చిన్న మీటరు పెట్టుకో. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే లెన్స్ క్షేమం. అన్నిటికంటే మంచి మందు, రోజూ బయటికి తీసి వాడటం.

ఇన్ని అంకెలు చెప్పాక అసలు మాట చెబుతాను, ఇది మాత్రం మనసులో పెట్టుకో. దూరం అంటే అడుగులూ మీటర్లే అనుకోకు. ఎవరు నిన్ను ఎంత దగ్గరికి రానిస్తారన్నది కూడా దూరమే. హైదరాబాద్‌లో ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ అని గొప్ప ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ల ఎదుట కూర్చోరు కాబట్టి, 1892లో ఆయన వాళ్లకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. అంత పేరున్న మనిషి నిలబడలేని చోట ఒక ఆడమనిషి నిలబడగలిగింది. ఇవాళ నీ సంగతీ అదే. బాలింత గదిలోకి నువ్వు వెళ్లగలవు. మంగళస్నానం వేళ పెళ్లికూతురి పక్కన నువ్వు కూర్చోగలవు. బతుకమ్మ ఆడే వలయం లోపలికి నువ్వు నడిచి వెళ్లగలవు, బయట గోడెక్కి జూమ్ పెట్టాల్సిన అవసరం నీకు లేదు. అందుకే పొడుగు లెన్స్ కంటే 35 నీకు ఎక్కువ పని చేసిపెడుతుందని నా నమ్మకం.

ఆ దగ్గరితనాన్ని గౌరవంగా వాడుకోవాలి సుమా. ముందు మాట కలుపు, అడుగు, తర్వాతే కెమెరా ఎత్తు. వద్దంటే నవ్వి దించెయ్. తీసినది వాళ్లకు చూపించు. కుదిరితే ప్రింటు వేయించి ఇవ్వు, కొద్ది రూపాయల పని. రెండోసారి వెళ్లినప్పుడు వాళ్లే కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఏ లెన్సూ తేలేని దగ్గరితనం అది.

హోమాయ్ వ్యారావాలా పేరు విన్నావా? మన దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా ఆవిణ్నే చెప్పుకుంటాం. 1913లో పుట్టింది. చీర కట్టుకుని, స్పీడ్ గ్రాఫిక్ లాంటి బరువైన కెమెరాలు మోసుకుంటూ, మగ ఫొటోగ్రాఫర్ల మధ్య ఢిల్లీ వీధుల్లో పనిచేసింది. ఆవిడ వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ కూడా ఉంది. దానికి లెన్స్ మార్చే వీలే ఉండదు. దగ్గరగా కావాలంటే నడిచి దగ్గరికి వెళ్లాలి, దూరంగా కావాలంటే వెనక్కి జరగాలి. స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీని ఇవాళ మనం ఆవిడ ఫొటోల్లో చూడగలుగుతున్నాం. మొదట్లో ఆవిడ ఫొటోలు భర్త పేరు మీద అచ్చయ్యేవి. ఎన్నో ఏళ్ల తర్వాత, 2011లో, ఆవిడ పేరు మీదే పద్మవిభూషణ్ వచ్చింది.

అందుకే చివరగా అక్కగా రెండు మాటలు. కెమెరా కొన్నాక ఇంట్లో "నీకెందుకు, తమ్ముడికివ్వు, పెళ్లిలో వాడు తీస్తాడు" అంటారు. ఇవ్వకు. ఆ పెళ్లి నువ్వే తీయి, మొదటి ఫొటోలు బాగా రాకపోయినా నువ్వే తీయి. ఇక షాపులో బిల్లు నాన్నగారి పేరునో, తోడొచ్చిన బావగారి పేరునో రాస్తుంటే ఆపి, నీ పేరు చెప్పి రాయించుకో. వారంటీకి రేపు పనికొచ్చేది అదే. ఫొటో ఎవరికి పంపినా, ఎక్కడ అచ్చు వేసినా కింద నీ పేరు ఉండాలని అడుగు. డబ్బు నీది, చూపు నీది, పేరూ నీదే కావాలి. ఈ ఆదివారం ఫోన్ తీసుకుని 2ఎక్స్, 3ఎక్స్ మొదలుపెట్టు. రెండు వారాలయ్యాక ఏది నచ్చిందో నాకు చెప్పు, ఆ తర్వాత కలిసి షాపుకెళ్దాం.